ఆర్మీ జిప్సీ కొనాలా వద్దా? ఏది ముందు చూడాలి, ఎక్కడ ఆగిపోవాలి

ఆర్మీ నుంచి బయటికొచ్చిన జిప్సీ ఒకటి అమ్మకానికి ఉందని తెలియగానే చాలామంది ముందు బోనెట్ ఎత్తిస్తారు. తర్వాత సెల్ఫ్ కొట్టి సౌండ్ వింటారు. ఇంజన్ అందుకుందంటే సగం మనసు అక్కడే పడిపోయి బేరం మొదలవుతుంది. ఈ వరసలోనే నష్టం ఉంది. జిప్సీలో అన్నిటికంటే తేలిగ్గా బాగయ్యేది ఇంజనే. ఛాసీ, అంటే బండినంతా మోసే ఇనుప ఫ్రేము, తుప్పు పట్టి ఉంటే బాగు చేయించడం కష్టం, ఖర్చు. కాగితాలు సరిగా లేకపోతే బాగుచేసే మెకానిక్ ఎక్కడా లేడు. అందుకే పరీక్షను కాగితాలతో మొదలుపెట్టండి. తర్వాత ఛాసీ, ఆ తర్వాత ఫోర్ వీల్ (నాలుగు చక్రాలకూ శక్తి అందించే) భాగాలు, అందరూ ముందు చూసే ఇంజన్ ఆఖర్న. ఏ మెట్టు దగ్గర బండి తప్పితే అక్కడే ఆగిపోండి, తర్వాతి మెట్టు ఎంత బాగున్నా సరే.

ఇక్కడ చెప్పేది ఎక్కువగా మారుతి జిప్సీ గురించే. ఆర్మీ వదిలేసిన బళ్లలో మామూలు మనిషి కొని, నడిపి, సామాన్లు దొరికించుకోగలిగేది అదొక్కటే అని నా అభిప్రాయం. జోంగా, మహీంద్రా జీపుల గురించి మధ్యలో కొంచెం చెబుతాను.

అసలు మీకు పనికొస్తుందా

జిప్సీ మన దేశంలో 1985 చివర్లో వచ్చింది. అప్పుడు దానిలో 970 సీసీ పెట్రోల్ ఇంజన్, నాలుగు గేర్లు. 1996లో 1298 సీసీ ఇంజన్‌తో, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో 16 వాల్వుల ఎంపీఎఫ్‌ఐ (కార్బురేటర్ బదులు పెట్రోల్‌ని ఇంజెక్టర్లతో చిమ్మే) ఇంజన్ పెట్టాక శక్తి 80 హార్స్ పవర్‌కి చేరింది. మామూలు కొనుగోలుదారులకు 2019లో అమ్మకం ఆపేసినా, ఆర్మీ కోసం ఆ తర్వాత కూడా తయారైంది. సామాన్లు ఇప్పటికీ దొరకడానికి ఇదొక పెద్ద కారణం.

దీని బలమంతా తేలికతనంలో ఉంది. సాఫ్ట్ టాప్ బండి బరువు టన్ను లోపే, నేలకీ బండికీ మధ్య ఎత్తు 210 మిల్లీమీటర్లు. నల్లరేగడి చేలో వాన పడ్డాక బరువైన బండి దిగబడిపోయే చోట ఇది పైపైన ఈదుకుంటూ బయటపడుతుంది. ఒకవేళ దిగబడినా నలుగురు మనుషులు, ఒక తాడు ఉంటే బయటికి తీయొచ్చు. పాడేరు, లంబసింగి వైపు కాఫీ తోటలకు వెళ్లే దారుల్లో, వానాకాలం వాగులు దాటాల్సిన పొలాల్లో, నల్లమల అంచు ఊళ్లలో ఇలాంటి బండికి నిజమైన పని ఉంటుంది.

ఇప్పుడు రెండో వైపు. ముందూ వెనకా కమాన్ కట్టలే కాబట్టి గతుకుల్లో నడుము పట్టేస్తుంది. పవర్ స్టీరింగ్ లేదు, ఏసీ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు, ఏబీఎస్ లేదు. ఆర్మీ బళ్లకు పైన గుడ్డ టాపు. వెనక సీట్లు పక్కవాటుగా ఎదురెదురుగా ఉంటాయి. పిల్లల్ని, పెద్దవాళ్లని వాటిలో కూర్చోబెట్టి హైవే మీద వెళ్లడం క్షేమం కాదు. మైలేజీ లీటరుకు పది కిలోమీటర్లకు అటూ ఇటూ అనుకోండి, ఫోర్ వీల్ వేసి తక్కువ వేగపు గేర్లో గంటసేపు తోలితే ఆ లెక్క కూడా ఉండదు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసుకు వెళ్లడానికి అయితే ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. ఇంట్లో ఇదొక్కటే బండి అయ్యేలా ఉన్నా వద్దనే చెబుతాను. ఇంట్లో మరో కారు ఉండి, వారంలో ఒకటి రెండు రోజులు మట్టి దారి పని ఉండి, దగ్గర్లో నమ్మకమైన మెకానిక్ షెడ్డు ఉన్నవాళ్లు ముందుకు వెళ్లండి. సౌకర్యం కూడా కావాలంటే 2023లో వచ్చిన ఐదు తలుపుల జిమ్నీ ఇదే వంశపు బండి. అది పాతదైనా, కొత్తదైనా మీ పని తీరుస్తుంది.

జోంగా అంటే ముచ్చటపడేవాళ్లు చాలామంది. నిస్సాన్ కంపెనీ పాట్రోల్ మోడల్‌ని 1969 నుంచి 1999 దాకా జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో ఆర్మీ కోసం కట్టారు. 3956 సీసీ, ఆరు సిలిండర్ల పెట్రోల్ ఇంజన్. క్రికెటర్ ధోనీ ఒకటి కొన్నాక దాని మీద మోజు ఇంకా పెరిగింది. రూపం, పులింగ్ రెండూ గొప్పగా ఉంటాయి, కానీ లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు దాటడం కష్టం, సామాన్ల కోసం దేశమంతా ఫోన్లు చేయాలి. పెట్రోల్ బంకు ఖర్చూ, ఓపికా రెండూ ఉంటేనే దాని జోలికి వెళ్లండి. పాత మహీంద్రా జీపుకి సామాన్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, కానీ అమ్మకానికి వచ్చేవాటిలో అసలు ఆర్మీ బండి ఏదో, ముక్కలు కలిపి కట్టింది ఏదో తేల్చడం చాలా కష్టం. దాని సంగతి కింద వస్తుంది.

ఈ బళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి

ఆర్మీ ఒక బండిని బాగుచేయించడం గిట్టుబాటు కాదని తేల్చాక పక్కన పెడుతుంది. బియాండ్ ఎకనామికల్ రిపేర్, పొట్టిగా బీఈఆర్ అంటారు. ఆ మాట వినగానే బండి పూర్తిగా పాడైందని అనుకోనక్కర్లేదు. పెద్ద సంస్థ లెక్కలో గిట్టుబాటు కానిది ఒక మనిషి లెక్కలో గిట్టుబాటు కావచ్చు. కానీ ఇంకో నిజం కూడా ఉంది: పక్కన పెట్టిన రోజు నుంచి వేలం రోజు దాకా ఆ బండి యార్డులో ఎండకీ వానకీ నిలబడే ఉంటుంది. ఆ మధ్యలో బ్యాటరీ, ఆల్టర్నేటర్, కార్బురేటర్, స్టెప్నీ లాంటివి మాయమవడం మామూలే.

వేలం చాలావరకు ఎంఎస్‌టీసీ ద్వారా ఆన్‌లైన్‌లో జరుగుతుంది. ఇది 1964లో మొదలైన కేంద్ర ప్రభుత్వ సంస్థ, కోల్‌కతాలో ప్రధాన కార్యాలయం. అందులో కొనుగోలుదారుగా నమోదు చేసుకుని, ముందస్తు డిపాజిట్ కట్టి, చెప్పిన తేదీల్లో యార్డుకు వెళ్లి బళ్లు చూసుకుని, పాట పాడాలి. పాట మీ పేరున నిలిచినా అమ్మేవారి ఆమోదం వచ్చేదాకా బండి మీది కాదు. ఆమోదం వచ్చాక మిగతా డబ్బు, పైన జీఎస్‌టీ, టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) గడువులోగా కట్టి బండి తీసుకెళ్లాలి. ఆలస్యమైతే యార్డు అద్దె పడుతుంది. అమ్మకం యాజ్ ఈజ్ వేర్ ఈజ్ పద్ధతి, అంటే ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే. ఇంజన్‌లో పిస్టన్లు లేవని తర్వాత తెలిసినా అడగడానికి ఎవరూ ఉండరు. చాలాసార్లు నాలుగైదు బళ్లు కలిపి ఒకే లాట్‌గా పెడతారు. ఒక్క బండి కావాల్సినవాడు పాడలేడు. అందుకే డీలర్లు లాట్లుగా కొని, విడదీసి, ఒక్కొక్కటి అమ్ముతారు. పశ్చిమ బెంగాల్‌లో పానాగఢ్, పంజాబ్-హర్యానా సరిహద్దులో మండీ డబ్వాలీ ఈ వ్యాపారానికి పేరు పడ్డ ఊళ్లు.

వేలంలో స్వయంగా పాడాలనుకునేవాళ్లు ఒక నిబంధన తప్పకుండా గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ పొడిగించరు, వాటిని గుర్తింపు పొందిన స్క్రాపింగ్ కేంద్రాలకు పంపాలి. రక్షణ అవసరాలకు వాడే కవచ వాహనాలు, ప్రత్యేక వాహనాలకు మాత్రం మినహాయింపు ఉంది. దీని ఫలితం ఏమిటంటే, మీరు చూసే లాట్ మళ్లీ రోడ్డెక్కడానికి అమ్ముతున్నదా, స్క్రాపు కోసమా అన్నది వేలం షరతుల్లో చదివి తీరాలి. స్క్రాపుగా అమ్మిన బండికి జన్మలో ఆర్సీ రాదు. "చూడ్డానికి కొత్తలా ఉంది సార్" అని డీలర్ చూపించే బండి ఆ వర్గంలోదైతే మీరు కొనేది ఇనుము.

కాగితాలు: ఇక్కడ తొందర వద్దు

బండి ముందు మీకు రెండు రకాల పరిస్థితులు ఎదురవుతాయి. ఒకటి, ఆర్మీ నుంచి వచ్చాక ఇంకా ఎవరి పేరునా రిజిస్టర్ కానిది. రెండు, ఎవరో ఇప్పటికే కొని మామూలు నంబర్ తెచ్చుకున్నది. మొదటిది చవగ్గా వస్తుంది, ప్రమాదం ఎక్కువ. మొదటిసారి కొనేవాళ్లకి రెండోదే నా సలహా.

మొదటి రకానికి సెంట్రల్ మోటారు వాహన నిబంధనల్లో 47వ నిబంధన దారి చూపిస్తుంది. ఫారం 20 దరఖాస్తు, దానితోపాటు ఎక్స్-ఆర్మీ బండి అయితే సంబంధిత అధికారులు ఇచ్చిన ఒరిజినల్ సేల్ సర్టిఫికెట్ ఫారం 21లో, ఇన్సూరెన్స్, చిరునామా రుజువు కావాలి. ఇక్కడ ఒరిజినల్ అన్న మాట కీలకం. డీలర్లు జిరాక్సు చూపించి "ఒరిజినల్ లాట్ మొత్తానికి కలిపి ఉంది, మీ ఆర్టీవో ఒప్పుకుంటాడు" అంటారు. ఒప్పుకోరు అనుకునే నడుచుకోండి. లాట్‌గా కొన్న డీలర్ మీకు అమ్మితే, ఆర్మీ నుంచి డీలర్‌కి, డీలర్ నుంచి మీకు వరసగా కాగితాలు తెగిపోకుండా ఉండాలి. మధ్యలో ఒక్క చెయ్యి మారినట్టు రాతలో లేకపోయినా ఆ బండి వదిలేయండి.

ఆ సేల్ సర్టిఫికెట్‌లో ఛాసీ నంబరు, ఇంజన్ నంబరు రెండూ ఉండాలి. ఆ రెండూ బండి మీద మీ కళ్లతో చూడాలి. ఆర్మీ వర్క్‌షాపుల్లో ఇంజన్ పాడైతే అక్కడే విప్పి కూర్చోకుండా ఇంకోటి బిగించి పంపడం పరిపాటి. అందువల్ల కాగితంలో ఒక ఇంజన్ నంబరు, బండిలో వేరే నంబరు ఉండే అవకాశం మామూలు కార్ల కంటే ఇక్కడ ఎక్కువ. అందులో మోసం ఏమీ ఉండకపోవచ్చు, కానీ రిజిస్ట్రేషన్ రోజు అది మీ సమస్య అవుతుంది. ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసుకోండి. అక్షరాల ఎత్తు ఒకేలా ఉందా, చుట్టూ వెల్డింగు మచ్చలు, కొత్త పెయింటు, గ్రైండింగ్ గీతలు ఉన్నాయా అని వేలితో తడిమి చూడండి. అనుమానం వస్తే అంతే సంగతి.

పాత ఆర్మీ నంబర్ ప్లేటు ఇంకా ఉంటే ఒక ఉపయోగం ఉంది. పైకి చూసే బాణం గుర్తు తర్వాత వచ్చే రెండు అంకెలు ఆ బండిని ఆర్మీ తీసుకున్న సంవత్సరం. 09 అని ఉంటే 2009. డీలర్ చెప్పే మోడల్ సంవత్సరంతో ఇది సరిపోలుతుందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.

ఇవి చేతిలో పెట్టుకుని, డబ్బు కట్టకముందే, మీ జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్లండి. ఈ ఒక్క ప్రయాణం తప్పించుకున్నవాళ్లే తర్వాత ఏళ్ల తరబడి ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతారు. సేల్ సర్టిఫికెట్ కాపీ జతచేసి రాతపూర్వకంగా అడగండి: ఈ బండిని నా పేరున రిజిస్టర్ చేస్తారా? 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువును తయారైన తేదీ నుంచి లెక్కిస్తారా, ఇప్పుడు రిజిస్టరయ్యే తేదీ నుంచా? కొత్త రిజిస్ట్రేషన్లకు బీఎస్-6 కాలుష్య ప్రమాణం ఉండాలన్న షరతు 2020 ఏప్రిల్ నుంచి ఉంది కదా, పాత ఎక్స్-ఆర్మీ బండి విషయంలో మీ ఆఫీసు ఏం పాటిస్తోంది? లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుంది? కౌంటర్ దగ్గర నోటిమాటగా వచ్చిన "అయిపోద్ది లెండి" అన్న జవాబుకి విలువ లేదు. అధికారి మారితే జవాబు మారుతుంది. మీ అర్జీ మీద రిసీవ్డ్ స్టాంపు, దానికి జవాబు ఉండాలి. జవాబు రాకపోతే, రాలేదనేదే మీ నిర్ణయానికి సరిపోయే సమాచారం. ఏజెంటు మాట మీద లక్షలు పెట్టొద్దు.

రెండో రకానికి, అంటే ఇప్పటికే ఆర్సీ ఉన్న బండికి, పని సులువు. ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో ఓనరు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా, అప్పు మీద ఉందా, చలాన్లు ఉన్నాయా చూడండి. ఆర్సీలో రంగు, సీట్ల సంఖ్య, ఇంధనం, ఇంజన్ నంబరు బండితో కలవాలి. వేరే రాష్ట్రం బండైతే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కోసం ఫారం 28, బదిలీకి ఫారం 29, 30 అమ్మేవాడి సంతకాలతో తీసుకోవాలి, ఎన్‌ఓసీ చేతికొచ్చాకే పూర్తి డబ్బు ఇవ్వాలి. ఢిల్లీ పరిసరాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ బళ్లకు కోర్టు ఆంక్షలు ఉండటం వల్ల అక్కణ్నుంచి చవగ్గా దక్షిణాదికి వస్తుంటాయి. అక్కడ రిజిస్ట్రేషన్ ఇప్పటికే రద్దయిపోయిందేమో ముందు చూసుకోండి. 15 ఏళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5,000 రూపాయలు, అది ఐదేళ్లకే. 20 ఏళ్లు దాటితే ఇంకా ఎక్కువ. ఈ ఖర్చు బేరంలోకి తెచ్చుకోండి.

ఇక డబ్వాలీ తరహా ఓపెన్ జీపుల సంగతి. ఎప్పటిదో ఒక పాత జీపు ఆర్సీ, ఇంకెక్కడిదో ఛాసీ, మరో బండి ఇంజన్, కొత్తగా కొట్టిన రేకు బాడీ కలిపి తయారుచేసినవి బజార్లో చాలా ఉన్నాయి. కళ్లు తిప్పుకోలేనంత బాగుంటాయి. మోటారు వాహన చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. ఇప్పుడు చట్టంలో ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు కూడా ఉంది. ఇవన్నీ పక్కన పెట్టినా, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఛాసీ నంబరే. అలాంటి బండితో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆ బాధితుడి కుటుంబానికి పరిహారం ఎక్కణ్నుంచి వస్తుందో ఆలోచించండి. ఈ కారణంగానే నేను ఎవరికీ ఆ జీపులు కొనమని చెప్పను.

రంగు విషయం కూడా కాగితాల కిందే వస్తుంది. ఆలివ్ గ్రీన్ రక్షణ శాఖ బళ్లకు మాత్రమే. సెంట్రల్ మోటారు వాహన నిబంధనల్లో 121వది అదే చెబుతుంది. ఆర్మీ బండి కదా, ఆ రంగులోనే ఉంచుకుంటానంటే కుదరదు. రిజిస్ట్రేషన్‌కు ముందే రంగు మార్పించాలి, యూనిట్ గుర్తులు, బాణం ప్లేటు తీసేయాలి. పూర్తి పెయింటు అంటే ఖర్చు, అదీ బేరంలో ఉండాలి.

ఆర్మీ ఆఫీసర్ అమ్ముతున్నాడట!

పాత సామాన్లు అమ్మే యాప్‌లలో "నేను ఆర్మీలో పనిచేస్తున్నాను, ట్రాన్స్‌ఫర్ అయింది, బండి చవగ్గా ఇచ్చేస్తాను" అని వచ్చే ప్రకటనల గురించి హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఎన్నోసార్లు హెచ్చరించారు. యూనిఫాం ఫొటో, ఐడీ కార్డు, క్యాంటీన్ కార్డు వాట్సాప్‌లో పంపుతారు. బండి కంటోన్మెంట్ లోపల ఉంది, బయటివాళ్లకు చూపించడం కుదరదు, రవాణా ఖర్చు ముందు పంపండి, గేట్ పాస్‌కి ఇంకొంచెం పంపండి అంటారు. బండి ఉండదు. ఒక్క సూత్రం పెట్టుకుంటే చాలు: చేత్తో తాకని బండికి రూపాయి కూడా కట్టకూడదు. పంపేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తొలి గంటల్లో ఫిర్యాదు అందితే డబ్బు ఆపగలిగే అవకాశం ఉంటుంది.

ఇంకో తేడా కూడా తెలుసుకోండి. సైనికుడు సొంతానికి కొనుక్కున్న జిప్సీకి మొదటి నుంచీ మామూలు ఆర్సీ ఉంటుంది. ఆర్మీ ఆస్తిగా తిరిగిన జిప్సీని ఏ ఆఫీసరూ వ్యక్తిగతంగా అమ్మలేడు.

ఛాసీ కిందికి దూరండి

కాగితాలు నిలబడ్డాయనుకుందాం. ఇప్పుడు పాత చొక్కా వేసుకుని, టార్చ్, చిన్న సుత్తి, స్క్రూడ్రైవర్ పట్టుకుని బండి కిందికి వెళ్లండి. కడిగి, కింద నల్ల పెయింటు పూసిన బండిని నమ్మొద్దు. మురికిగా ఉన్నదే నిజం చెబుతుంది.

ఫ్రేము పొడవునా సుత్తితో మెల్లగా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, లోపల తినేసిన చోట మొద్దు శబ్దం వస్తుంది. ముఖ్యంగా కమాన్ కట్టలు ఫ్రేముకు తగులుకునే బ్రాకెట్లు, వెనక అడ్డపట్టీ, బాడీ కూర్చునే రబ్బరు మౌంట్ల చుట్టూ, వెనక చక్రాల పైభాగం. ఈ చోట్ల స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగబడకూడదు. ఫ్రేము మీద పట్టీలు వేసి వెల్డింగు చేసి ఉంటే ఎందుకు చేశారో అడగండి. కొండదారిలో బరువుతో తిరిగిన బండికి పగుళ్లు రావడం మామూలే, చక్కగా అతికినవి తప్పు కాదు. కానీ స్ప్రింగ్ బ్రాకెట్ దగ్గర తుప్పు మీద వెల్డింగు వేసి కప్పెట్టి ఉంటే ఆ బండి వద్దు. రెండు వైపులా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపుతో కొలవండి. తేడా కనిపిస్తే ఫ్రేము వంగిందో, యాక్సిల్ జరిగిందో అయి ఉంటుంది.

బాడీ రేకు పల్చన. పెడల్స్ కింద మ్యాట్ ఎత్తి చూడండి, వాన నీళ్లు నిలిచేది అక్కడే. ఫ్లోరు రేకు మార్పించడం మన టింకరింగ్ వాళ్లకు చేతనైన పనే. విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్‌లోనో ఒక్కసారి చూపిస్తే ఎంతవుతుందో చెప్పేస్తారు. అందువల్ల బాడీ తుప్పుకి భయపడొద్దు, ధర తగ్గించమని అడగండి. రాజస్థాన్, పంజాబ్ వైపు తిరిగిన బండికి తుప్పు తక్కువ, సముద్రం పక్కన తిరిగినదానికి ఎక్కువ. అది ఎక్కడ పనిచేసిందో తెలిస్తే మంచిది.

ఫోర్ వీల్ పనిచేస్తోందా

డబ్బు పెడుతున్నదే దీనికోసం కాబట్టి ఇక్కడ అమ్మేవాడి మాట వినకుండా మీరే పరీక్షించాలి. మట్టి నేల ఉన్న చోటికి తీసుకెళ్లండి, తారు రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిప్పితే బండికే నష్టం. ముందు చక్రాల హబ్బులకు లాక్, ఫ్రీ అని తిప్పేవి ఉంటే రెండూ చేత్తో తిరగాలి. ఏళ్లుగా తిప్పక పట్టేసినవి చాలా ఉంటాయి. లాక్ చేసి, చిన్న లివర్‌ని 4హెచ్‌లో (ఫోర్ వీల్, మామూలు వేగం) వేసి కొంచెం దూరం, ఆగి 4ఎల్‌లో (ఫోర్ వీల్, తక్కువ వేగం, ఎక్కువ బలం) వేసి ఇంకొంచెం దూరం నడపండి. 4ఎల్‌లో చిన్న దిబ్బ ఎక్కించి, యాక్సిలరేటర్ వదిలి, ఇంజన్ బ్రేక్ మీదే దిగండి. ఆ సమయంలో లివర్ దానంతట అది ఎగిరి న్యూట్రల్‌లోకి వస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టె) లోపల పని ఉంది. ముందు చక్రాలు నిజంగా తిరుగుతున్నాయో లేదో బయట ఒక మనిషిని నిలబెట్టి చూడమనండి.

జిప్సీలో ట్రాన్స్‌ఫర్ కేస్ గేర్‌బాక్స్‌కి అతుక్కుని ఉండదు. మధ్యలో ఒక పొట్టి షాఫ్టు ఉంటుంది, కేసు రబ్బరు మౌంట్ల మీద వేలాడుతుంది. మౌంటు తెగితే క్లచ్ వదిలినప్పుడు కింద దబ్‌మని కొడుతుంది. షాఫ్టుల క్రాసులు అరిగితే టక్ టక్‌మంటుంది. ఈ రెండూ చిన్న ఖర్చులే.

ముందు యాక్సిల్ చివర ఉన్న గుండ్రటి నకిల్స్ (చక్రం పక్కకు తిరిగే కీళ్లు) చూడండి. అక్కణ్నుంచి ఆయిల్ కలిసిన గ్రీజు కారుతుంటే సీళ్లు పోయాయి. ముందు చక్రాన్ని జాకీ మీద ఎత్తి పైనా కిందా పట్టుకుని ఊపితే కదిలినా, యాభై అరవై వేగంలో స్టీరింగ్ వణికినా కింగ్‌పిన్ బేరింగులు, టై రాడ్ ఎండ్లు అరిగినట్టు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఫోర్ వీల్‌లో మెల్లగా కదిపితే కటకటమని వస్తే ముందు యాక్సిల్ జాయింట్లు పోతున్నాయి, ఇవి ఖరీదు. అన్నీ రాసుకోండి.

ఇంజన్ చివర్న

ఉదయం వెళ్లి చల్లటి ఇంజన్‌నే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే బోనెట్ వేడిగా ఉంటే ఇంకోరోజు రండి. స్టార్టయిన వెంటనే నీలం పొగ వస్తే ఆయిల్ తింటోంది. ఆయిల్ మూత లోపల పాల మీగడలా ఉంటే నీళ్లు కలుస్తున్నాయి. కార్బురేటరా, ఎంపీఎఫ్‌ఐనా చూడండి. కార్బురేటర్ బండి పల్లెలో కూడా బాగవుతుంది, ఎంపీఎఫ్‌ఐకి పులింగ్, మైలేజీ మెరుగు కానీ యార్డులో నిలబడినప్పుడు ఎలుకలు కొరికిన వైరింగుతో సతాయిస్తుంది. మీటరులో కిలోమీటర్లను లెక్కలోకి తీసుకోకండి. ఇంజన్ పూర్తిగా దించి పని చేయించాల్సి వచ్చినా భయం లేదు, సామాన్లు దొరుకుతాయి, చేతులు తిరిగిన మెకానిక్‌లు ఉన్నారు.

లెక్క, నిర్ణయం

ఇంటికొచ్చి ఒక కాగితం మీద అడిగే ధర, రవాణా, ట్యాక్స్, రిజిస్ట్రేషన్, పెయింటు, టైర్లు, మీరు రాసుకున్న రిపేర్లు కూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెబుతాయి. గాడి ఎంతున్నా ఐదారేళ్లు దాటినవి కొత్తవి వేయించాల్సిందే. ఇన్సూరెన్స్‌లో 1000 నుంచి 1500 సీసీ కార్లకు 2022లో పెట్టిన థర్డ్ పార్టీ ప్రీమియం 3,416 రూపాయలు, పన్ను అదనం. పాత బండికి పూర్తి ఇన్సూరెన్స్ ఇస్తారో లేదో కొనకముందే అడగండి. కూడిన మొత్తంలో కనీసం మూడో వంతు అదనంగా చేతిలో ఉంచుకోండి, ఎందుకంటే ఈ బళ్లలో విప్పాక బయటపడేవి ఎప్పుడూ ఉంటాయి. ఆ అంకె, ఆర్సీ సరిగా ఉండి మామూలుగా వాడిన సివిల్ జిప్సీ ధరకు దగ్గరగా వస్తే ఆర్మీ బండి మానేసి దాన్నే కొనండి. రెండూ ఒకటే యంత్రం.

చివరికి కొన్నారనుకోండి. ఇంటికి తోలుకురాకుండా లారీ మీద తెప్పించండి, రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని బండిని రోడ్డెక్కించకూడదు. వచ్చిన వెంటనే బ్రేకులు నాలుగూ విప్పించి సిలిండర్ కిట్లు, హోసులు కొత్తవి వేయించండి. టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో ఎవరికీ తెలియదు కాబట్టి అదీ మార్పించండి. రేడియేటర్ శుభ్రం చేయించి, ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్, రెండు యాక్సిళ్లలో ఆయిల్ ఒకేసారి మార్పించండి. ట్రాన్స్‌ఫర్ కేస్ ఆయిల్ గేర్‌బాక్స్‌తో కలిసి ఉండదు, దానికి వేరే నట్టు ఉంటుంది. మెకానిక్‌కి దాన్ని చూపించి మరీ మార్పించండి.